విరగని మూల

లాన్‌ఝౌ
ఏప్రిల్ 1987

మరదలు యాచిన్‌కి,

నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఇసుక గాలులు మొదలయ్యాయి. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా నూడుల్స్ గిన్నెలో ఇసుక తగులుతూనే ఉంది. మా ఆయన లారీ తోలుకుంటూ పశ్చిమానికి వెళ్ళి వారం దాటింది. ఇంట్లో నేనూ, స్టవ్వూ, దాని పైన గోడకు నాన్న కుంచెతో నాలుగు అక్షరాలు రాసి పంపిన పటమూ.

సమాధుల పండుగకు రాలేకపోయాను. పోయినవాళ్ళ పేర నా తరఫున కూడా కాగితాలు కాల్చారని తమ్ముడు రాశాడు. సంతోషం.

ఇక అసలు సంగతి. మా ఉన్ని మిల్లు జమాఖర్చుల సెక్షన్లో కావ్ గారని ఒకాయన ఉన్నారు. పోయిన నెల సూఝౌ తోటలు చూడ్డానికి వెళ్ళి, మన రాతల, ముద్రల దుకాణంలో ఒక పటం కొన్నారు. నేను లూ సోంగ్‌న్యెన్ కూతుర్నని ఎవరో చెబితే నిన్న ఆఫీసుకు పట్టుకొచ్చి చూపించారు. నాన్న చేతిరాతే. కింద నాన్న పేరు ముద్ర, ఎర్రగా, నిండుగా.

"ఈ వయసులో కూడా మీ నాన్నగారి చెయ్యి ఎంత గట్టిగా ఉందండీ" అన్నారు. 

"ఆయన పోయిన శీతాకాలంలోనే పోయారు" అన్నాను. పాపం, కావ్ గారి ముఖం పాలిపోయింది. నాది కూడా పాలిపోయే ఉంటుంది.

ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నా అనుమానమో ఏమో, సిరా కొత్త వాసన వేసింది. అందుకే సూటిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకు. నాన్న ఏడోవారం కర్మనాడు ఆయన ముద్ర మీద గీత పెట్టారా, లేదా? పోయినవాడి పేరును ఇంకెవరూ అద్దకుండా, ముద్ర ముఖం మీద ఆయన కత్తితోనే అడ్డంగా గీత గీసెయ్యడం మన ఇంట్లో తాతల నాటి పద్ధతి. టెలిగ్రాం ఆలస్యంగా అంది నేను రాలేకపోయాను కాబట్టి ఆ గీతను నా కళ్ళతో చూడలేదు. గీత పడిన ముద్రను ఒక తెల్ల కాగితం మీద అద్ది పంపు. నా తృప్తి కోసం.

మీ వదిన
రూయిన్

*

సూఝౌ
మే

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. అయినా మీ బాధ నాకు అర్థమైంది. కావ్ గారు కొన్న పటం మామయ్యగారు బతికుండగా రాసిందే. ఆయన చివరి రెండేళ్ళలో రాసినవి కర్పూరపు పెట్టెలో దాచి ఉంచాం. అందులోవే ఒకటీ అరా అమ్ముతున్నారు మీ తమ్ముడు. పెట్టె వాసన కాగితానికి పట్టి ఉంటుంది, అది సిరా వాసనలా తోచి ఉంటుంది.

గీత పెట్టారు. మీ తమ్ముడే పెట్టారు, పెద్దలందరి ముందూ. గీత కాస్త వంకర పోయింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

అద్ది పంపడానికి ఏముంది వదినగారూ, కానీ ముద్రను మీ తమ్ముడు పెట్టె అడుగున పెట్టి తాళం వేసుకున్నారు. ఆయనేమో షాంఘైలో ప్రదర్శన ఉందని వెళ్ళారు. పైగా ముద్రకు పట్టించే మన ఎర్రముద్ద కూడా చెడింది. ఇంగిలీకం అడుక్కి దిగి నూనె పైకి తేలింది. మళ్ళీ కలిపి సరిచేసేదాకా ఏదీ సరిగ్గా అద్దుకోదు. 

ఈ ఏటి కొత్త టీ ఒక డబ్బా పంపుతున్నాను. కొండ మీద తోటది, వానకు ముందు కోసింది. అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ
యాచిన్

*

లాన్‌ఝౌ
జూన్

యాచిన్‌కి,

టీ చేరింది. బాగుంది. నేను టీ అడగలేదు.

పెట్టె తాళం తమ్ముడి దగ్గర ఉందన్నావు. తమ్ముడు షాంఘైలో ఉన్నాడన్నావు. ఎర్రముద్ద చెడిందన్నావు. ఒక్క కాగితం మీద ఒక్కసారి అద్దడానికి ఇన్ని అడ్డంకులా? లూ వారి దుకాణంలో ఎర్రముద్ద చెడిందని బయట చెప్పకు, నవ్వుతారు. రోజూ ఎముక పుల్లతో దాన్ని కలపడం నా చిన్నప్పుడు నా పని. ఒక్కరోజు మరిచిపోతే నాన్న సాయంత్రం దాకా నాతో మాట్లాడేవారు కాదు.

మాట్లాడకపోవడం ఆయనకు బాగా వచ్చిన విద్య. ఆయన నా చేతికి ముద్రలు చెక్కే కత్తి ఇచ్చారు, ఆడపిల్లకు ఎందుకని నానమ్మ మొత్తుకుంటున్నా వినకుండా. నేనేమో ఇరవై రెండేళ్ళకు ఆ కత్తి బల్ల మీద పెట్టేసి, లారీ తోలేవాడి వెంట ఇంత దూరం వచ్చాను. ఇరవై ఏళ్ళు నాకు ఒక్క ముక్క రాయలేదు. ఆరేళ్ళ కిందట ఆ పటం వచ్చేదాకా. ఇవన్నీ నీకు తెలిసినవే. ఎందుకు రాస్తున్నానంటే, ఆ ముద్ర నాకు ఉత్త రాయి కాదు. దాన్ని ఎవరైనా బజారుకు వాడుకుంటున్నారంటే నేను ఊరుకోలేను.

ఈ నెలాఖరులోగా ముద్ర అచ్చు రాకపోతే నేరుగా తమ్ముడికే రాస్తాను. అదీ కాకపోతే మీ ఊరి సంస్కృతి కార్యాలయానికి రాస్తాను. బెదిరింపు అనుకున్నా సరే.

రూయిన్

*

సూఝౌ
జూలై

వదినగారికి,

అడిగింది పంపుతున్నాను. ఈ ఉత్తరంతో పాటు మడిచి పెట్టిన కాగితంలో ఉంది. 

రేగుపళ్ళ కాలపు వానలు ఇంకా తగ్గలేదు. గోడలు చెమటలు కక్కుతున్నాయి, కుంచెలకు బూజు పడుతోంది, బియ్యం డబ్బాలో పురుగు. ఈ తేమలో అద్దితే కాస్త అలుక్కుపోయింది. గీత మాత్రం కనిపిస్తోంది కదా, అడ్డంగా. మీకు కావలసింది అదే కదా.

కార్యాలయానికి రాస్తానన్నారు. మీ ఇష్టం. కానీ ఈ దుకాణం బోర్డు మళ్ళీ తగిలించుకోవడానికి మామయ్యగారు ఎంత ఎదురుచూశారో మీకు తెలుసు. మీ తమ్ముడికి చేతిలో కత్తి నిలవదు, నోట్లో మాటకు మాత్రం కొదవ లేదు. ఆ మాటతోనే నలుగురినీ దుకాణంలోకి పిలుస్తున్నారు. లూ వారు నకళ్ళు అమ్ముతున్నారని ఒక్కసారి పుకారు పుడితే ఆయన తల ఎత్తుకోలేరు. రాసే ముందు ఆ ఒక్కటి ఆలోచించండి.

యాచిన్

*

లాన్‌ఝౌ
జూలై

యాచిన్‌కి,

అచ్చు అందింది. అచ్చు అనాలా, మచ్చ అనాలా? నాలుగు మూలలూ ఎర్రగా ముద్దలు కట్టాయి. పసిపిల్ల చేతికిచ్చినా ఇంతకన్నా శుభ్రంగా అద్దేది. తేమ అన్నావు. సూఝౌలో తేమ ఈ ఏడే పుట్టిందా? నాన్న ఆ వానల్లో కూడా ముద్ర అద్దితే వెంట్రుక గీత కూడా విడిగా కనబడేది. మూలలు కనబడకూడదని ఎవరో కావాలని ముద్ద దట్టంగా పట్టించి, గట్టిగా నొక్కినట్టుంది.

అయినా కొలవడానికి సరిపోయింది. నా గోడ మీది పటంలో ఉన్న ముద్ర పక్కన దీన్ని పెట్టి చూశాను. నేను మిల్లులో నమూనాలు గీసేదాన్ని, నా దగ్గర భూతద్దం ఉంది, సన్న గీతల స్కేలు ఉంది. నాన్న నాకు పంపిన పటంలో ముద్ర పెద్దది. నువ్వు పంపింది చిన్నది. గోరు మందం తేడా, కానీ ఉంది. ఒకే రాయి రెండు కొలతల్లో అద్దదు.

అంటే గీత పెట్టింది నకలు రాయి మీద. అసలుది ఎక్కడో శుభ్రంగా ఉంది, రోజూ ఎర్రముద్ద తింటోంది. పెద్దల ముందు గీత పెట్టే నాటకం ఆడారు, అవునా? తమ్ముడా, నువ్వా, ఇద్దరూనా? పేరుకు ఒక్కరోజు అన్నం మానేసినంత మాత్రాన అయిపోతుందా?

జవాబు కోసం చూస్తాను. టీ పంపకు.

రూయిన్

*

సూఝౌ
ఆగస్టు

వదినగారికి,

మీ ఉత్తరం చదివి మొదట ఏడుపొచ్చింది. రెండోసారి చదివితే నవ్వొచ్చింది. ఇప్పుడు రెండూ లేకుండా రాస్తున్నాను.

మీ గోడ మీదున్నది పటం కట్టించిన కాగితం. వెనక ఇంకో కాగితం అతికించేటప్పుడు గంజి పట్టిస్తాం, పొడుగు కుంచెతో సాగదీస్తాం, పలకకు అంటించి ఆరబెడతాం. తడిసిన కాగితం సాగుతుంది, సాగినచోటే ఆరిపోతుంది. దాని మీద రాత ఉంటే రాత, ముద్ర ఉంటే ముద్ర, అన్నీ కాస్త పెరుగుతాయి. నేను పంపింది కట్టించని ఉత్త కాగితం. రెండూ ఒకే కొలతలో ఉంటేనే అనుమానపడాలి. స్కేలు పెట్టి కొలిచే ముందు ఇది గుర్తు రాలేదా? మిల్లు మగ్గాల మోతలో ఇరవై ఏళ్ళుంటే ఎవరికైనా మరుపు వస్తుంది లెండి.

హూఝౌలో కుంచెలు కట్టే ఇంటి పిల్లను నేను. నీళ్ళ తొట్టి ముందు కూర్చుని మేక వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరుకుంటూ పెరిగాను. మీ ఇంట్లోకి కోడలిగా వచ్చిన రోజున మీ నానమ్మ, "తడి చేతులది వచ్చింది, కాగితాలు జాగ్రత్త" అన్నారు. దొంగతనం ఒక్కటే అనలేదు. అది మీరన్నారు.

ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను. ఆ పటాన్ని ఇక గోడ నుంచి దించకండి, కొలవకండి. ఆరేళ్ళు పొయ్యి పొగ తిన్న కాగితం, మడతల దగ్గర చిరుగుతుంది. అలాగే ఉండనివ్వండి. మీకు మేలు చేసే మాటే చెబుతున్నాను.

యాచిన్

*

లాన్‌ఝౌ
సెప్టెంబరు

యాచిన్,

కొలత విషయంలో నాదే తప్పు. కాగితం సాగుతుందని మరిచిపోయాను. నాన్న ఉంటే తిట్టేవారు. ఒప్పుకుంటున్నాను, ఇంకోసారి గుర్తు చెయ్యక్కర్లేదు.

కానీ నీ ఉత్తరం చదువుతుంటే రెండు అనుమానాలు కలిగాయి. పటం కట్టే పని ఇంత వివరంగా నీకెవరు చెప్పారు? తమ్ముడికి రాదు. ఇక రెండోది, నా ఇంట్లో, నా గోడ మీద, నా పటం చూడొద్దని నువ్వెందుకు బతిమాలుతున్నావు?

అందుకే తమ్ముడికి రాశాను, నీకు చెప్పకుండా. నాన్న గుర్తుగా దాచుకుంటాను, గీత పడిన ముద్ర అద్ది పంపమన్నాను. వాడు వెంటనే పంపాడు, ఏ వంకా లేకుండా. శుభ్రంగా, పొడిగా, అంచులన్నీ కనిపించేలా. "అక్కా, నీ దగ్గరా ఒకటి ఉండాలి కదా" అని పక్కన రాశాడు. వాడికి ఏమీ తెలియదని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోయింది. 

నాన్న ఏ ముద్ర చెక్కినా చివర్లో కత్తి పిడితో నాలుగు మూలలూ కొట్టేవారు, రాయి పాతదానిలా కనబడాలని. తమ్ముడు పంపిన అచ్చులో నాలుగు మూలలూ విరిగి ఉన్నాయి. కావ్ గారింటికి వెళ్ళి ఆయన పటం మళ్ళీ చూశాను. అందులోనూ అవే విరుపులు, అంటే గీత పడింది అసలు రాయి మీదే. ఆయన కొన్నది నిఖార్సైనది. నా అనుమానం ఉత్తదే.

తరవాత స్టూలెక్కి నా పటం దించి, ముద్ర దగ్గర మసి తుడిచాను. మూడు మూలలు విరిగి ఉన్నాయి. ఎడమవైపు కింది మూల విరగలేదు. అంచు గీతలు రెండూ వచ్చి, సూది మొన కూడా దూరనంత బిగువుగా కలిశాయి.

ఏడేళ్ళ వయసులో నాన్న నాకు చెప్పిన మొదటి నియమం నీకు మళ్ళీ చెప్పనా? ఇంకొకరి ముద్రను చూసి చెయ్యి దిద్దుకోవడానికి చెక్కితే, ఎడమ కింది మూల కొట్టకూడదు. అది నేర్చుకునేవాడి రాయి అని ఆ మూల చెప్పాలి. లేకపోతే అది దొంగ ముద్ర.

కాబట్టి నా గోడ మీద ఆరేళ్ళుగా ఉన్నది నేర్చుకునేవాళ్ళ రాయి. "తలుపుకు గడియ లేదు" అన్న నాలుగు అక్షరాలూ నాన్నవి కావు. వాటిని చూసి నేను ఎన్నిసార్లు ఏడ్చానో మా ఆయనకు తెలుసు. నాన్న క్షమించారనుకున్నాను. అనుకుని, ప్రాణం తేలికపడి, తరవాతి నెలలో వచ్చిన కాగితం మీద సంతకం చేశాను. పోయిన అమ్మ పేరున ఉన్న ఇల్లూ దుకాణమూ సర్కారు తిరిగి ఇచ్చేటప్పుడు పిల్లలందరి సంతకాలూ కావాలన్న కాగితం. నా వాటా వదులుకుంటున్నానన్న కాగితం. చదవను కూడా చదవలేదు. నాన్న పిలిచారు, ఇంకేం కావాలి అనుకున్నాను.

ముందు పిలుపు, వెనకే సంతకం. నేను వెర్రిదాన్ని కాదు యాచిన్. ఇప్పుడు చెప్పు, ఎవరి చెయ్యి అది?

రూయిన్

*

సూఝౌ
అక్టోబరు

వదినగారికి,

నాది.

మీరు ఊహించే ఉంటారు. మూలలు అలికేసి పంపింది నేనే. టీ పంపింది, తాళం లేదన్నది, పటం దించొద్దన్నది, అన్నీ అందుకే. మీరు నన్ను దొంగ అనుకున్నా పర్వాలేదు, ఆ పటం మామయ్యగారిదే అని మాత్రం అనుకుంటూ ఉండాలని నా ఆశ. మీ తమ్ముడికి ఏమీ తెలియదు. దయచేసి చెప్పకండి, ఆయన తట్టుకోలేరు.

మొదట సంతకం సంగతి. ఆ కాగితం కోసమే రాశావా అంటే, సగం అందుకే. అబద్ధం చెప్పను. మీరు సంతకం చెయ్యరని భయపడ్డాను. మీ తమ్ముడు మీకు రాయడానికి జంకారు. మామయ్యగారు, "దాన్ని నేను అడుక్కోను" అన్నారు. బోర్డు మెట్ల కింద దుమ్ములో పడి ఉంది. ఎవరో ఒకరు రాయాలి కదా.

మిగతా సగం ఏమిటో చెబితే మీరు నమ్ముతారో లేదో. మామయ్యగారు నాకు కత్తి నేర్పారు. శిష్యురాలని ఎన్నడూ అనలేదు. దుకాణంలో ఎవరూ లేనప్పుడు, "ఇలా రా, ఈ రాయి పట్టుకో" అనేవారు. తప్పు చేస్తే ఒకటే మాట. "రూయిన్ అయితే దీన్ని రెండు వేట్లలో తీసేది." బాగా చేస్తే, "రూయిన్ ఇంతకన్నా బాగా చేసేది." ఇన్నేళ్ళూ ఆయన నోట మీ పేరు తిట్లలోనే విన్నాను. కొన్నిసార్లు మీ మీద ఒళ్ళు మండేది. మీరు వదిలేసిన బల్ల దగ్గర కూర్చుని మీతో పోల్చి తిట్లు తినడం నా వంతైంది. కానీ అన్నిసార్లు పేరు పెట్టి తిట్టేవాళ్ళు మరిచిపోయినవాళ్ళు కాదు వదినగారూ. ఆ మాట మీకు ఆయన చెప్పరు. అందుకే నేను రాశాను.

ఆయనకు తెలియకుండా చెయ్యాలనుకున్నాను. కుదరలేదు. రాసి పలక మీద ఆరబెట్టాను. ఆయన మధ్యాహ్నం కునుకు తీసి టీ కూజాతో కిందికి వచ్చారు. చూశారు.

"ఎక్కడికిది?" అన్నారు.

"లాన్‌ఝౌకి" అన్నాను.

కాగితం మీదికి వంగారు. చింపేస్తారనుకున్నాను. "తలుపు అక్షరం చూడు, గుమ్మంలా నిలబడాలి. కుడి కమ్మీ వంగింది. ఈ గుమ్మంలోంచి ఎవరొస్తారు, మేకలా? మళ్ళీ రాయి" అన్నారు.

మళ్ళీ రాశాను. "ఇంకా నిలబడలేదు" అన్నారు. మూడోసారి రాశాను. కూజా మూతిలోంచి టీ పీల్చుకుంటూ చూసి, "సరే" అన్నారు. 

మీ దగ్గరున్నది ఆ మూడోది.

ధైర్యం చేసి ముద్ర అడిగాను. నడుముకున్న సొరుగు తాళంచెవి మీద చెయ్యి వేసుకున్నారు. "ముద్ర నాది. అది వెళ్ళదు" అన్నారు. అప్పుడు ఆయన ముద్రను చూసి చెక్కుకున్న నా సాధన రాయి తీశాను. "మూల మూసి ఉంది మామయ్యగారూ. వదినగారు చూస్తే పోల్చుకుంటారేమో" అన్నాను.

"దాని చేతికి కత్తి ఇచ్చింది నేను. చూస్తే పోల్చుకుంటుంది. పోల్చుకోలేదంటే, చూడదలుచుకోలేదని అర్థం. అద్దు" అన్నారు.

అద్దాను. ఆయన ఎదురుగానే అద్దాను. తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మీ సంతకం పడిన కాగితం వచ్చిన రోజు దాన్ని వెలుగుకు పట్టి చూసి, "చెయ్యి మొద్దుబారింది" అన్నారు. బాధతో అన్నారో కోపంతో అన్నారో నాకు తెలియలేదు.

ఇంతే. కార్యాలయానికి రాయాలనుకుంటే నా పేరే రాయండి. ఆయన పేరూ మీ తమ్ముడి పేరూ వద్దు.

యాచిన్

*

లాన్‌ఝౌ
నవంబరు

యాచిన్‌కి,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కోపం వచ్చి లేచిపోయాను. మా ఆయన చూసి చూసి, "పటాన్ని మంచం కింద పెట్టావు, మనిషివి వంటింట్లో దాక్కున్నావు, ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు.

మొదట నమ్మలేదు. నమ్మమని నువ్వు ఏ ముఖంతో అడుగుతావు? ఆయన పేరుతో నన్ను ఓదార్చే మాట ఒకసారి కల్పించినదానివి, పట్టుబడ్డాక ఇంకోటి కల్పించలేవా? మూడుసార్లు రాయించారట, ఎదురుగా నిలబడి అద్దించారట. చనిపోయిన మనిషి లేచి వచ్చి కాదనడు. ఇలా నాలో నేనే వాదించుకున్నాను. వారం రోజులు నువ్వు నా దృష్టిలో రెండుసార్లు దొంగవి.

మళ్ళీ చదివాను. ముద్ర ఇవ్వలేదని రాశావు. చూడదలుచుకోలేదని అర్థం అన్నారని రాశావు. నా చెయ్యి మొద్దుబారిందన్నారని రాశావు. ఓదార్చడానికి అల్లేవాళ్ళు ఇంత కరకుగా అల్లరు. నువ్వే అల్లి ఉంటే ఆయన చేత కనీసం ఒక కన్నీటి చుక్కైనా పెట్టించేదానివి. ముద్ర ఇచ్చారని రాసేదానివి. అందుకే నమ్ముతున్నాను. ఆ మాటలు ఆయనవే, ఇంకెవరికీ రావు.

ఆయన అన్నది నిజమే. పటం వచ్చిన రోజు నేను ముద్ర వంక చూడలేదు. చూస్తే పోల్చుకునేదాన్నే. నాకు ఆ నాలుగు అక్షరాలు కావలసి వచ్చాయి, కిందికి చూడలేదు. అది కూడా ఆయనకు ముందే తెలుసు. అందుకు కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

సంతకం విషయం వదిలెయ్యను. ఆ సగం గురించి నీతో ఎదురుగా కూర్చుని మాట్లాడతాను, నీకు నచ్చకపోయినా సరే. కార్యాలయానికి రాయను. తమ్ముడికి చెప్పను.

వచ్చే వసంతంలో సమాధుల పండుగకు వస్తున్నాను. మిల్లులో సెలవు అడిగాను, ఇచ్చారు. నా కోసం పైగదిలో పక్క వెయ్యి, కింది గదిలో చలి పుడుతుంది. బంక బియ్యపు పచ్చ ఉండలు చెయ్యి. లాన్‌ఝౌలో ఎన్ని ఏళ్ళున్నా నాకు అవి చెయ్యడం రాలేదు.

ఇంకొకటి, దీనికి మాత్రం వెంటనే జవాబు రాయి. ఆయన వద్దన్న మొదటి రెండు కాగితాలు ఏం చేశావు? మన దుకాణంలో రాసిన కాగితాన్ని ఊరికే పారెయ్యరు, వెనకవైపు సాధనకు దాస్తారు. వాటిని దాచి ఉంటే తియ్యకు, ఎవరికీ ఇవ్వకు, ఎలుకలు కొట్టకుండా చూడు. ఆ కుడి కమ్మీ ఎంత వంగిందో, నన్ను రానివ్వడానికి సరిపోదని ఆయనకు ఎందుకు అనిపించిందో, నా కళ్ళతో నేను చూడాలి.

మీ వదిన
రూయిన్